అద్దె పనిముట్లు – అక్షర స్వత్వం : కృష్ణా దిగువ డెల్టా ముద్రణ నేపథ్యంలో ఒక నైతిక పరిశీలన

తెలుగు శాఖల్లో జరిగే పరిశోధన ఎంత ప్రాచీన గ్రంథాన్ని గురించినదైనా, చివరకు అది పుటగా మారేది ఒక డి.టి.పి. కేంద్రంలోనే. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ వంటి ఊళ్లలో ఈ కేంద్రాలు పెళ్లి శుభలేఖలను, ఉత్సవాల కరపత్రాలను, ఫ్లెక్సీ బ్యానర్లను, కవితాసంపుటాలను, సిద్ధాంతగ్రంథాలను ఒకే బల్ల మీద తయారుచేస్తాయి. ఆ బల్ల మీది కంప్యూటరులో సాధారణంగా కనిపించేవి పేజ్‌మేకర్, ఫొటోషాప్, కోరల్ డ్రా, వాటితోపాటు అను ఫాంట్లు. వీటిలో కొన్ని ఏనాటివో పాత వెర్షన్లు. చాలాచోట్ల అవి డబ్బు చెల్లించి తెచ్చుకున్నవి కావు. కొత్త వెర్షన్ కావాలంటే ఫొటోషాప్ వంటివి నెలవారీ లేదా సంవత్సరపు చెల్లింపు మీద తప్ప దొరకవు. అందువల్ల ఇటీవల జింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్, క్రిటా వంటి ఓపెన్ సోర్స్ ప్రత్యామ్నాయాల పేర్లు ఈ ఊళ్లలో కూడా వినిపిస్తున్నాయి. అయితే వాటి గురించి అడిగేవారు అడిగేది ఒక్కటే: డబ్బు కట్టనక్కరలేనిది ఏదైనా ఉందా అని.

ప్రశ్నను అలా అడిగినప్పుడు జవాబు కూడా ధర దగ్గరే ఆగిపోతుంది. దొంగ ప్రతి ధర ఇప్పటికే శూన్యం. శూన్యానికి శూన్యం ప్రత్యామ్నాయం ఎందుకవుతుందన్న ఎదురుప్రశ్నకు సమాధానం ఉండదు. ధరతో తీరని నైతికాంశం ఒకటి ఇందులో ఉన్నదనీ, అది సాంకేతిక నిపుణుల కన్నా ముందుగా పాఠంతో పనిచేసే సాహిత్య విద్యార్థులకు సంబంధించినదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

చందా అనే మాట

నెలవారీ చెల్లింపు పద్ధతికి మనం అలవాటుగా వాడుతున్న మాట 'చందా'. పారసీ మూలం గల ఈ మాట తెలుగులో పత్రికల ద్వారా స్థిరపడింది. 1902లో మచిలీపట్నంలో ఆరంభమై, 1907 నుంచి 1945 వరకు ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో నడిచిన 'కృష్ణాపత్రిక'కు చందా కట్టిన పాఠకుణ్ణి తలచుకుందాం. ఒక ఏడాది అతడు చందా కట్టలేకపోతే కొత్త సంచికలు రావడం ఆగిపోతుంది; పాత సంచికలు అతని బీరువాలోనే ఉంటాయి. వాటిని అతడు బైండు చేయించుకోవచ్చు, గ్రంథాలయానికి ఇవ్వవచ్చు, పచారీ కొట్టుకు తూకానికి అమ్ముకోవచ్చు. పత్రికలపై పరిశోధన చేసేవారికి ఈనాడు దొరుకుతున్న పాత సంపుటాలలో అనేకం అటువంటి చందాదారుల బీరువాలలో మిగిలినవే.

సాఫ్ట్‌వేర్ విషయంలో ఈ క్రమం తలకిందులైంది. అడోబీ సంస్థ 2013 మే నెలలో తన రూపకల్పన సాధనాలను ఇకమీదట చందా పద్ధతిలోనే ఇస్తామని ప్రకటించింది. 2012లో వచ్చిన సి.ఎస్.6 ఒకేసారి వెల చెల్లించి కొనుక్కోగల చివరి శ్రేణి అయింది. ఇప్పుడు చెల్లింపు ఆగిన నాడు ఆగేది కొత్త వెర్షన్ల రాక మాత్రమే కాదు, నిన్నటిదాకా చేసిన పనిని తిరిగి తెరిచే శక్తి కూడా ఆగిపోతుంది. ఇన్‌డిజైన్‌లో దిద్దిన గ్రంథపు ఫైలు కంప్యూటరులోనే ఉంటుంది. దాన్ని తెరిచే తాళంచెవి మాత్రం ఉండదు. బీరువా మనది, సంచికలు మనవి, చదవడానికి కళ్లద్దాలు మాత్రం నెలనెలా అద్దెకు తెచ్చుకోవాలన్న పరిస్థితి ఇది. దీనిని 'చందా' అనడం ఒక మంచి మాటను అపార్థంలో వాడటమే. అందువల్ల ఈ వ్యాసంలో ఇకమీదట 'అద్దె' అనే మాటనే వాడుతున్నాను.

స్వత్వం, భోగం, కౌలు

అద్దెకు తెచ్చుకున్న పనిముట్టుతో చేసిన పని ఎవరిది? ఈ ప్రశ్నకు మన సంప్రదాయంలో ఉపయోగపడే పరిభాష ఉన్నది. యాజ్ఞవల్క్యస్మృతిపై విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరి దాయవిభాగ సందర్భంలో స్వత్వాన్ని గురించి సుప్రసిద్ధమైన చర్చ చేసింది. ఒక వస్తువు 'నాది' కావడం శాస్త్రం చెబితే మాత్రమే తెలిసేదా, లేక లోకవ్యవహారం వల్ల తెలిసేదా అన్నది ప్రశ్న. విజ్ఞానేశ్వరుడు స్వత్వం లౌకికమన్న పక్షాన్ని సమర్థించాడు. క్రయవిక్రయాలలో జనం దేన్ని సొంతంగా ఎంచి వ్యవహరిస్తారో దాన్నిబట్టే స్వత్వం తెలుస్తుందని దీని తాత్పర్యం. పదమూడో శతాబ్దిలో కేతన ఈ మితాక్షరినే 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగు చేశాడు. తెలుగులో కావ్యేతర శాస్త్రరచన తొలినాళ్లలోనే వ్యవహారధర్మం పద్యరూపం పొందడం మనం తగినంతగా పట్టించుకోని విషయమని నా అభిప్రాయం.

ఈ లౌకిక ప్రమాణాన్ని సాఫ్ట్‌వేరుకు అన్వయిస్తే ఫలితం స్పష్టంగానే ఉంటుంది. అద్దె సాఫ్ట్‌వేర్‌ను వాడేవాడు దాన్ని అమ్మలేడు, దానమియ్యలేడు, తాకట్టు పెట్టలేడు, కొడుక్కు వారసత్వంగా ఇవ్వలేడు. అతనికి ఉన్నది భోగం, స్వత్వం లేదు. ఇందులో అధర్మమేమీ లేదు. అద్దె ఇంట్లో ఉన్నవాడు అధర్మపరుడు కాడు, ఇల్లు అద్దెకిచ్చినవాడూ కాడు. చిక్కు మొదలయ్యేది ఆ ఇంట్లో పెట్టుకున్న సామాను దగ్గర.

డెల్టా ప్రాంతపు పాఠకులకు దీన్ని కౌలు ఉదాహరణతో చెప్పడం సులభం. 'కౌలు' అరబ్బీ మూలంలో 'మాట', 'ఒప్పందం' అనే అర్థం గల పదం. దివిసీమలోనూ, గుడివాడ పరిసరాల్లోనూ వరి సాగులో గణనీయమైన భాగం కౌలు మీదనే సాగుతున్నది. భూమి యజమానిది, సేద్యం కౌలుదారుది. కౌలుదారు కష్టాలు ఎన్నైనా ఉండవచ్చు. బ్యాంకు అప్పు దొరకకపోవడం, తుపానులో పంట పోయినప్పుడు పరిహారం యజమాని ఖాతాకు చేరడం వంటివి తరచు వింటున్నవే. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది ఈ కష్టాల నేపథ్యంలోనే. పదకొండు నెలల ఒప్పందంతో, భూమిపై యజమాని హక్కుకు భంగం లేకుండా, పంటపై సాగుదారు హక్కును గుర్తించే ప్రయత్నం అది. అంటే అత్యంత బలహీనుడైన కౌలుదారు విషయంలో కూడా ఒక సూత్రం అంగీకృతమైంది: కౌలు ముగిస్తే మడి వదిలిపోవాలి గాని, కొట్టిన ధాన్యాన్ని మళ్లీ కౌలు కడితేనే బస్తా విప్పనిస్తామని ఎవరూ అనరు.

అద్దె సాఫ్ట్‌వేర్ ఒప్పందం అచ్చంగా ఆ మాటే అంటున్నది. పుట రూపకల్పన చేసినవాడి శ్రమఫలం అతనిదేనని చట్టం చెబుతుంది. అది నిక్షిప్తమైన ఫైలు స్వరూపం మాత్రం పనిముట్టు యజమానికే తెలిసిన రహస్యలిపి. శాస్త్రంలో ఆగమం, భోగం అని రెండు మాటలున్నాయి. ఆగమం అంటే హక్కు వచ్చిన మార్గం. భోగం అంటే అనుభవం. సాధారణ వివాదాలలో భోగం ఒకరి వద్ద, ఆగమం మరొకరి వద్ద ఉండి తగవు వస్తుంది. ఇక్కడ సొంత శ్రమఫలం మీద మనిషికి ఆగమం సంపూర్ణంగా ఉండి భోగం లేకుండా పోతున్నది. స్మృతికారులు ఊహించిన వివాదపదాలలో ఇది ఇమడదు.

దొంగ ప్రతి

ఇన్ని మాటలెందుకు, క్రాక్ చేసిన ప్రతి ఉండగా ఈ చిక్కే లేదు గదా అని ఎవరైనా అనవచ్చు. చాలామంది అంటారు కూడా. ఈ వాదాన్ని పైపైన కొట్టిపారేయకూడదు. దాని వెనుక ఒక న్యాయబుద్ధి ఉన్నది. శుభలేఖల మీద, కరపత్రాల మీద బతికే దుకాణదారు ఆదాయానికీ, అమెరికా సంస్థ నిర్ణయించిన అద్దెకూ పొంతన లేదు. ప్రతి తీసినంతమాత్రాన మూలప్రతి తరిగిపోదు. దీపం నుంచి దీపం వెలిగించుకుంటే మొదటి దీపానికి లోటేమిటన్న ప్రశ్న బలమైనదే. పాతంజల యోగసూత్రాలు యమాలలో ఒకటిగా చెప్పిన అస్తేయం, ఒకరి వద్ద ఉన్నదాన్ని తీసుకొని వారికి లేకుండా చేయడాన్ని నిషేధిస్తుందే గాని, ప్రతిరూపాన్ని గురించి మాట్లాడదని వాదించవచ్చు.

చట్టం దృష్టి వేరు. కాపీరైట్ చట్టానికి 1994లో చేర్చిన 63బి సెక్షను ప్రకారం, అక్రమ ప్రతి అని తెలిసి కంప్యూటరు ప్రోగ్రామును వాడటం నేరం. ఏడు రోజులకు తక్కువ కాకుండా మూడేళ్ల వరకు కారాగారం, యాభై వేలకు తక్కువ కాకుండా రెండు లక్షల వరకు జరిమానా అందులో ఉన్నాయి. వ్యాపారలాభం కోసం వాడని సందర్భంలో కారాగారం విధించకుండా ఉండే విచక్షణను కూడా ఆ సెక్షను న్యాయస్థానానికి ఇచ్చింది. చట్టమే లాభార్జనకూ ఇతర వినియోగానికీ తేడా పాటించిందన్న సంగతి నైతిక చర్చలో గుర్తుంచుకోదగినది.

నా అభ్యంతరం చౌర్యం దగ్గర మొదలు కాదు. దొంగ ప్రతి వాడేవాడు అద్దె నుంచి తప్పించుకున్నాననుకుంటాడు గాని, అద్దె వ్యవస్థలోనే ఉంటాడు. అతని వేళ్లు ఆ సాధనానికే అలవాటుపడతాయి. అతని వద్ద పని నేర్చుకునే కుర్రవాడికి అదే వస్తుంది. విజయవాడ ముద్రణాలయానికి అతడు పంపే ఫైలు ఆ స్వరూపంలోనే వెళ్తుంది. ముద్రణాలయం మరొక స్వరూపాన్ని తీసుకోవడం మానేస్తుంది. ఇలా చెల్లించనివారి సంఖ్య పెరిగినకొద్దీ చెల్లించవలసిన అవసరం ఇతరులకు బలపడుతుంది. దొంగ ప్రతి ఆ సంస్థకు జీతం లేని ప్రచారకుడు. కౌలు ఎగవేసిన రైతుకు భూమి సొంతం కాదు. యజమాని గుర్తించిన నాడు బయటికి పోవడమే మిగులుతుంది. దాన్ని భూసంస్కరణ అని పొరబడటం కన్నా ప్రమాదకరమైనది లేదు.

పెడన అచ్చు, మండలి అక్షరం

అయితే పనిముట్టు మీద హక్కు ఎలా ఉండాలి? దీనికి దూరం పోనక్కరలేదు. మచిలీపట్నం నుంచి గుడివాడ వెళ్లే దారిలో ఉన్న పెడనలో అద్దకం కలంకారీ నేటికీ సాగుతున్నది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద టేకు చెక్కలో చెక్కిన అచ్చులతో మొదట గీత, తరువాత ఒక్కొక్క రంగు అద్దుతారు. అచ్చు చెక్కేవాడు ఒకడు, అద్దేవాడు మరొకడు. అచ్చును వెల ఇచ్చి కొన్న తరువాత అది కొన్నవాడిదే. అరిగేదాకా వాడుకోవచ్చు, అరిగినదాన్ని చూపి కొత్తది చెక్కించుకోవచ్చు. అచ్చులోని తీగ, పువ్వు, నెమలి మాత్రం ఎవరివీ కావు. తరతరాలుగా చేతులు మారుతూ, ఒక్కొక్క చేతిలో కొద్దిగా మారుతూ వస్తున్నాయి. 'మచిలీపట్నం కలంకారీ' అనే పేరుకు మాత్రం భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది. తెర ముద్రణతో, రసాయనిక రంగులతో చేసిన గుడ్డకు ఆ పేరు పెట్టి అమ్మడం అధర్మమని దాని అర్థం. పనిముట్టు వ్యక్తిది, రూపం అందరిది, పేరు సమాజం కాపాడవలసినది. ఈ మూడింటినీ వేర్వేరుగా చూడటంలోనే ఆ వృత్తి నైతిక వ్యవస్థ ఉన్నది.

ఇటువంటి విభజనే డిజిటల్ అక్షరరూపకల్పనలోనూ జరిగిందనడానికి ఇదే నేలకు చెందిన ఉదాహరణలు రెండు ఉన్నాయి. మొదటిది 'మండలి' ఫాంటు. దివిసీమ నాయకుడు, 1975లో హైదరాబాదులో జరిగిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభల నిర్వహణకు విద్యామంత్రిగా సారథ్యం వహించినవారు, 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత ఆ ప్రాంత పునర్నిర్మాణానికి శ్రమించినవారు అయిన మండలి వెంకటకృష్ణారావు పేరు మీద వచ్చిన అక్షరం అది. రెండవది గుడివాడకు సమీపంలోని నిమ్మకూరులో పుట్టి, 1983లోనూ 1985లోనూ గుడివాడ నుంచి గెలిచిన నందమూరి తారక రామారావు పేరిట వచ్చిన 'ఎన్.టి.ఆర్.' ఫాంటు. ఈ రెండింటినీ రూపొందించినవారు పురుషోత్ కుమార్ గుత్తుల, వెలువరించినది సిలికానాంధ్ర. కూచిపూడి గ్రామంతో ఆ సంస్థకు ఉన్న అనుబంధం ఈ ప్రాంతంలో అందరూ ఎరిగినదే.

ఈ ఫాంట్లకు వర్తించేది ఎస్.ఐ.ఎల్. ఓపెన్ ఫాంట్ లైసెన్సు. 2007 నాటి దాని 1.1 పాఠాన్ని పెడన అచ్చు పక్కన పెట్టి చదవడం ఆసక్తికరంగా ఉంటుంది. ఫాంటును ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. దాన్ని ఒంటరిగా అమ్మకూడదు. మార్చినదాన్ని పంచితే అదే లైసెన్సు కింద పంచాలి. కర్త కోరితే పేరును తనకు ప్రత్యేకించుకోవచ్చు. అప్పుడు మార్చిన రూపానికి వేరే పేరు పెట్టాలి. అంటే రూపం అందరిది, పేరు మాత్రం రక్షితం. వీటన్నిటి కన్నా ముఖ్యమైన నిబంధన మరొకటి: ఆ ఫాంటుతో తయారుచేసిన పత్రానికి లైసెన్సు షరతులేవీ వర్తించవు. పంట సాగుదారుదేనన్న సూత్రం ఇక్కడ స్పష్టమైన వాక్యంగా ఉన్నది. (ఎన్.టి.ఆర్. పేరిట ఇంత ఉదారమైన అక్షరం ఉండగా, ఆయన జయంతికి కట్టే ఫ్లెక్సీలు దొంగ ప్రతుల్లో తయారయ్యే అవకాశమే ఎక్కువన్నది వేరే సంగతి.)

ఇక్కడ 'ఉచితం', 'స్వేచ్ఛ' అనే మాటల తేడా గమనించాలి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పటి నుంచి ఆ ఉద్యమం ఒక చిక్కు ఎదుర్కొంటున్నది. ఇంగ్లీషులో ఒకే మాటకు రెండు అర్థాలు ఉండటం వల్ల, తాము చెబుతున్నది ధర లేకపోవడం గురించి కాదని ప్రతిసారీ వివరించుకోవలసి వస్తున్నది. తెలుగుకు ఆ బాధ లేదు. హైదరాబాదులో ఈ ఉద్యమాన్ని నడిపే సంస్థ 'స్వేచ్ఛ' అనే పేరు పెట్టుకొని సమస్యను ఒక్క మాటతో తీర్చింది. 2024లో కాన్వా సంస్థ కొనుగోలు చేసిన ఎఫినిటీ సాధనాలను 2025 అక్టోబరులో ఉచితం చేశారు. అది ఉచితమే, స్వేచ్ఛ కాదు. ఇచ్చినవారు రేపు షరతు మార్చవచ్చు. జి.పి.ఎల్. లైసెన్సు కింద ఉన్న జింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్, క్రిటాలలో ఒకసారి ఇచ్చిన వెర్షన్‌ను తిరిగి తీసుకునే హక్కు ఎవరికీ లేదు.

శివారు ఆయకట్టు

కృష్ణా కాలువల చివర ఉన్న భూములకు నీరు ఆఖరున వస్తుంది. పైన నాట్లు పూర్తయిన తరువాత దివిసీమ శివారు ఆయకట్టుకు తడి అందడం ఈ ప్రాంత రైతుకు అనుభవైకవేద్యం. రూపకల్పన సాఫ్ట్‌వేరులో తెలుగు కూడా శివారు ఆయకట్టే. పేజ్‌మేకర్ 7.0 వెర్షన్ 2001లో వచ్చింది. 2004లో దాని అభివృద్ధి నిలిచిపోయింది. అది యూనికోడ్‌ను ఎరగదు. అందువల్ల అక్షరఖండాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచిన ఫాంట్లు అవసరమయ్యాయి. అను ఫాంట్ల వ్యవస్థ ఆ అవసరాన్ని తీర్చింది. దాని సేవను తక్కువ చేయడం కృతఘ్నత అవుతుంది. రెండు దశాబ్దాల తెలుగు పుస్తకాలు దాని మీదే నడిచాయి. ఇన్‌డిజైన్ సి.ఎస్.6లో తెలుగు సహా పది భారతీయ భాషలకు తగిన అమరిక వచ్చినది 2012లో. మరుసటి ఏడాదే ఆ శ్రేణి అద్దెలోకి మారింది. నీరు వచ్చిన వెంటనే తూముకు తాళం పడింది.

స్వేచ్ఛా సాధనాల్లో కూడా నీరు ఆలస్యంగానే వచ్చింది. చాలాకాలం స్క్రైబస్‌లో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపించేవి. ఆ లోపం 2017 నాటి 1.5.3 అభివృద్ధి వెర్షన్‌లో తీరింది. 2024 జనవరిలో వచ్చిన 1.6 స్థిరమైన వెర్షన్‌తో అందరికీ అందింది. ఈ పనికి పూనుకున్నది ఒమాన్‌కు చెందిన బృందం. వారికి కావలసింది అరబ్బీ. హార్ఫ్‌బజ్ అనే లిపివిన్యాస యంత్రాంగాన్ని స్క్రైబస్‌లో కలపడంతో అరబ్బీతోపాటు తెలుగుకూ దారి ఏర్పడింది. శివారు రైతు ఒకడు తన మడి కోసం తవ్వుకున్న బోదె పక్క మడికి కూడా పారింది. అద్దె వ్యవస్థలో శివారు రైతు చేయగలిగింది పైవాడికి అర్జీ పెట్టడం. ఇక్కడ పార చేతపట్టే వీలుంది. నైతికంగా ఈ రెండు స్థితులకూ ఉన్న అంతరం ధరలోని అంతరం కన్నా చాలా పెద్దది.

ఇది ఊహామాత్రం కాదనడానికి మరొక రాష్ట్రపు అనుభవం ఉన్నది. మలయాళ దినపత్రిక 'జనయుగం' 2019లో స్క్రైబస్, జింప్, ఇంక్‌స్కేప్, క్రిటాలతో, యూనికోడ్ ఫాంట్లతో పత్రికను వెలువరించే పద్ధతికి మారింది. రోజూ గడువుకు లోబడి వెలువడే పత్రికకు సాధ్యమైనది, ఏడాదికి రెండు సంచికలు తెచ్చే పరిశోధన పత్రికకు అసాధ్యమనడం కష్టం. లోపాలు లేవని కాదు. ముద్రణకు కావలసిన సి.ఎం.వై.కె. వర్ణపద్ధతిలో బొమ్మను నేరుగా దిద్దే వీలు జింప్‌లో లేదు; క్రిటాలో, స్క్రైబస్‌లో ఉంది. కోరల్ డ్రా ఫైళ్లను ఇంక్‌స్కేప్ తెరుస్తుంది గాని, తెలుగు అక్షరాలు చెదిరే సందర్భాలున్నాయి. ముద్రణాలయానికి పి.డి.ఎఫ్. పంపితే చాలావరకు ఇబ్బంది ఉండదు.

మార్పు భారం ఎవరిది

ఇంతవరకు చేసిన వాదానికి ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది. పనిముట్టు మార్చాలని నిర్ణయించేది పరిశోధకుడో, సంపాదకుడో. మార్చుకోవలసిన వేళ్లు మాత్రం డి.టి.పి. చేసే మనిషివి. పుటకు ఇంత అని పనిచేసే ఆమెకు కొత్త సాధనం నేర్చుకునే వారాలకు ఎవరూ కూలి ఇవ్వరు. ఇరవై ఏళ్లుగా అను కీబోర్డు మీద ఆమె సంపాదించుకున్న వేగం ఆమె ఏకైక ఆస్తి. మితాక్షరి భాషలో చెప్పాలంటే దాని మీద ఆమె స్వత్వం నిర్వివాదం. మన నైతికశుద్ధి కోసం ఆ ఆస్తిని నిరర్థకం చేయడం, బడుగు మనిషి ఖర్చుతో పుణ్యం మూటగట్టుకోవడమే అవుతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి ఉత్సాహంగా రాసేవారు ఈ అంశాన్ని తరచు దాటవేస్తారు.

ఇక్కడ పాఠాన్నీ పుటనూ విడదీసి చూడటం అవసరం. పాఠం యూనికోడ్‌లో ఉండాలన్నది ఒక కోరిక. పుటను స్వేచ్ఛా సాధనంతో తీర్చాలన్నది మరొకటి. మొదటిది పూర్తిగా మన చేతిలో ఉన్నది, ఎందుకంటే ఈనాడు పరిశోధక విద్యార్థులలో చాలామంది వ్యాసాన్ని మొదట ఫోనులోనో కంప్యూటరులోనో యూనికోడ్‌లోనే రాస్తున్నారు. దాన్ని కాగితం మీద ముద్రించి, తిరిగి అను ఫాంట్లలో టైపు చేయించి, ఆ రెండవదాన్నే అసలు ప్రతిగా భద్రపరచడం మన శాఖల వింత ఆచారం. డి.టి.పి. చేసేవారి వేగాన్ని కూడా పోగొట్టనక్కరలేదు. పాత ఆపిల్ కీబోర్డు అమరికలోనే యూనికోడ్ తెలుగు టైపు చేసే సౌకర్యం లినక్స్‌లో ఉన్నది. రెండవ కోరిక విషయంలో తొందరపాటు తగదు; నేర్చుకునే కాలానికి వేతనం ఇవ్వగలిగిన సంస్థే దాన్ని కోరాలి.

పాఠం సంగతి ఎందుకు వాయిదా వేయరానిదో శోధగంగను చూస్తే తెలుస్తుంది. సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పించాలని యు.జి.సి. 2009 నిబంధనలు చెప్పాయి. ఆ ప్రతులను ఇన్‌ఫ్లిబ్‌నెట్ భద్రపరుస్తున్నది. అక్కడి తెలుగు గ్రంథాన్ని తెరిచి ఒక పదం కోసం వెతికితే తరచు ఏమీ దొరకదు. కంటికి తెలుగుగా కనిపించే వాక్యం యంత్రానికి అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు. కళ్లకు గ్రంథం, వెతుకులాటకు శూన్యం. ప్రజల సొమ్ముతో జరిగిన పరిశోధన ప్రజలకు అందుబాటులో ఉన్నట్టే ఉండి అందడం లేదు.

మనిషి మూడు ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెప్పిన మాటను ఇక్కడ స్మరించవచ్చు. ఋషులకు బాకీ అధ్యయనంతో తీరుతుందని దాని భావం. ఋషులకు తిరిగి ఏమీ ఇవ్వలేము. నేర్చినదాన్ని నిలిపి తరువాతి వారికి అందించడమే చెల్లింపు. అప్పిచ్చినవాడికి కాక మరొకరికి చెల్లించే ఈ విచిత్రమైన బాకీని జి.పి.ఎల్. వంటి లైసెన్సులు తెలియకుండానే చట్టభాషలో రాశాయనిపిస్తుంది: పొందినవాడు పంచితే అదే షరతుతో పంచాలి. అద్దె బాకీ నెలాఖరున తీరిపోతుంది. కట్టినవాడికి మరే బాధ్యతా ఉండదు. స్వేచ్ఛా సాధనం వాడుకున్నవాడికి బాధ్యత అక్కడే మొదలవుతుంది. ఉచితమని తెచ్చుకొని, లోపం కనబడినప్పుడు నిందించి, దాన్ని నివేదించడానికి కూడా పూనుకోని వినియోగదారు దొంగ ప్రతి వాడేవాడికి నైతికంగా దగ్గరివాడే. తెలుగు శాఖలు కోడ్ రాయనక్కరలేదు. 'క్ష్మ', 'ర్త్స్య' వంటి సంయుక్తాక్షరాలు, అరసున్న, బండిర, పాత ముద్రణలలోని వలపలగిలక ఏ ఫాంటులో సరిగా కూర్చబడటం లేదో చెప్పగలవారు ఎక్కువగా ఉన్నది ఈ శాఖల్లోనే. ఛందశ్శాస్త్రం, ప్రబంధం బోధించేవారికి తప్ప ఈ లోపాలు మరొకరికి కనిపించవు.

చేయవలసిన పని మరొకటి కూడా ఇప్పటికే మన బీరువాల్లో ఉన్నది. మన పరిశోధన పత్రికల పాత సంచికలు పేజ్‌మేకర్ ఫైళ్లుగా సి.డి.లలో పడి ఉన్నాయి. అను పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే పరివర్తకాలు దొరుకుతున్నాయి. అయితే మార్పిడిలో ఒత్తులు తారుమారు కావడం, పూర్ణానుస్వారం తప్పిపోవడం, పద్యపాదాల విరుపు చెదరడం మామూలు. వాటిని దిద్దడం టైపు పని కాదు. తాళపత్ర ప్రతిలో లేఖకుడి ప్రమాదాన్ని పట్టుకునే చూపే ఇక్కడా కావాలి. ఎం.ఏ. ద్వితీయ సంవత్సరంలో గ్రంథపరిష్కరణ చదివే విద్యార్థికి మహాభారతం పాఠభేదాలతోపాటు సొంత శాఖ పత్రికలోని ఒక సంచికను మూలంతో పోల్చి పరిష్కరించే అభ్యాసం ఇస్తే, అతనికి శిక్షణా, సంచికకు పాఠశుద్ధీ రెండూ సమకూరుతాయి. డిస్కులను చదివే డ్రైవులు కళాశాలల్లో ఇంకా కొన్ని పనిచేస్తుండగానే ఈ పని ఆరంభించాలి.